పెద్దది నల్లబడుతోంది, చిన్నది పెరగడం మానేసింది: నా క్లౌన్ చేపల జంటకు ఏమైంది?

#1 · ఉప్పునీటి_కొత్తోడు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదలు.

పదహారు నెలల కిందట ఒసెల్లారిస్ రకం క్లౌన్ చేప పిల్లల్ని రెండింటిని తెచ్చుకున్నాను. రెండూ ట్యాంకులో పుట్టి పెరిగినవే. అప్పుడు ఒక్కొక్కటి బొటనవేలి కణుపంత, ఓ మూడు సెంటీమీటర్లు ఉండేవి. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవి. ఒకదానికి తల మీది తెల్ల చార పైన కొంచెం తెగి ఉంది, అదొక్కటే ఆనవాలు. చార తెగినదానికి రాణి అని, రెండోదానికి రాజు అని మా పాప పేర్లు పెట్టింది.

ఇప్పుడు రాజు ఏడు సెంటీమీటర్లు దాటాడు. రాణి ఐదున్నర దగ్గరే ఆగిపోయింది. నాలుగు నెలలుగా ఒక్క మిల్లీమీటరు పెరిగిన జాడ లేదు. ఇది చాలదన్నట్టు రాజు వీపు మీద, రెక్కల మొదళ్ళలో పొగచూరినట్టు నలుపు వస్తోంది. కాంతిగా ఉండే నారింజ రంగు కాస్తా కాల్చిన ఇటుక రంగులోకి దిగింది. రాణి మాత్రం చిన్నప్పటి రంగులోనే మెరుస్తోంది.

అసలు భయం ఇంకోటి. రాజు దగ్గరికి రాగానే రాణి పక్కకు ఒరిగిపోయి గజగజ వణుకుతుంది. రెండు మూడు సెకన్లు అంతే, మళ్ళీ మామూలే. మూర్ఛలాంటిదేమోనని ఇంట్లో అందరికీ బెంగ.

ట్యాంకు 150 లీటర్లు. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, ఉప్పు సాంద్రత 1.025. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 10 దగ్గర ఉంటుంది. రోజుకు రెండుసార్లు మేత. రెండూ తింటున్నాయి.

#2 · పగడాలపిచ్చోడు

నలుపు అంటే అమ్మోనియా కాలిన మచ్చే బ్రో. నీళ్ళు పరీక్షించే కిట్ పాతదైతే సున్నా అనే చూపిస్తుంది. ఈ రోజే పావు వంతు నీళ్ళు మార్చెయ్. చిన్నదాన్ని ఆ రాక్షసుడి దగ్గర్నుంచి తీసేసి వేరే ట్యాంకులో పెట్టి రెండు నెలలు బాగా మేపు. సైజు సమానం అయ్యాక మళ్ళీ కలుపు. పెద్దది తిండంతా లాక్కుంటోంది, అదీ సంగతి.

#3 · నాలుగు_ట్యాంకులు

ఆగండాగండి. దయచేసి ఏ చేపనీ ఎక్కడికీ తీయొద్దు. ముందు నేను అడిగినవాటికి జవాబు చెప్పండి తమ్ముడూ.

ఆ నలుపు మచ్చలు మచ్చలుగా, అంచులు తెలిసేలా ఉందా, లేక మసి రాసి వేలితో రుద్దినట్టు మెల్లగా కలిసిపోయిందా? ఎన్నాళ్ళలో వచ్చింది, రెండు రోజుల్లోనా, నెలల్లోనా? మొప్పలు మామూలుగా ఆడుతున్నాయా? ఒంటి మీద తెల్లటి జిగురు పొర, సన్నని పిండి చల్లినట్టు చుక్కలు, చిరిగిన రెక్కలు ఏమైనా ఉన్నాయా? ట్యాంకులోకి కొత్తగా అనిమోన్ (క్లౌన్ చేపలు ఇల్లుగా చేసుకునే, కుట్టే టెంటకిల్స్ ఉన్న సముద్ర జీవి) గానీ, టెంటకిల్స్ ఉన్న పగడం గానీ వచ్చిందా?

ఇంకో మాట. ఫోటో తీస్తే నీలం లైట్లు ఆపి తెల్ల లైటులో తీయండి. నీలం వెలుగులో ప్రతి నారింజ చేపా ఏదో జబ్బు చేసినట్టే కనిపిస్తుంది. పొద్దున్నే లైటు వేసిన వెంటనే కూడా వద్దు. రాత్రంతా వెలిసిపోయి ఉంటాయి, అరగంటకు గానీ అసలు రంగు తేరుకోదు.

#4 · ఉప్పునీటి_కొత్తోడు

అక్కా, మసి రుద్దినట్టే ఉంది. ఐదారు నెలలుగా కొంచెం కొంచెంగా వచ్చింది. రోజూ చూస్తున్నాం కదా, మాకే తెలియలేదు. పాత ఫోటో పక్కన పెట్టి చూసుకున్నాక గుండె ఝల్లుమంది. మొప్పలు బాగానే ఉన్నాయి. జిగురు, చుక్కలు లేవు. అనిమోన్ లేదు, కొత్త పగడమూ లేదు. రెండూ మూలనున్న పాత పంపు దగ్గర పడుకుంటాయి.

#5 · నాలుగు_ట్యాంకులు

అయితే కంగారేమీ లేదు. బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి జబ్బు అయితే ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది, చేప ఒకటి రెండు రోజుల్లోనే తిండి మానేసి ఎగపోస్తుంది. అమ్మోనియా దెబ్బైతే నెలల తరబడి ఇంత హాయిగా తిరగదు. అనిమోన్ ఎందుకడిగానంటే, కొత్తగా అందులో దూరిన క్లౌన్‌కు ఒంటి మీద నల్లమచ్చలు లేస్తాయి. అవి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. మీది అదీ కాదు.

మీ పాప పెట్టిన పేర్లు మాత్రం మార్చాలి. మాస్టారు వస్తే వివరంగా చెబుతారు, పిలుస్తున్నాను.

#6 · చేపలమాస్టారు

వచ్చాను. రాజు ఆడది. రాణి మగాడు. ఇంకా చెప్పాలంటే పదహారు నెలల కిందట రెండూ ఏదీ కాదు.

క్లౌన్ పిల్లలన్నీ పరిణతి లేని లింగంతోనే పెరుగుతాయి. ఎదిగితే ముందు మగవిగా ఎదుగుతాయి. గుంపులో పెత్తనం చేజిక్కించుకున్న ఒక్కటి మాత్రం ఆడగా మారుతుంది. సముద్రంలో ఒక అనిమోన్‌లో నాలుగైదు చేపలుంటే అన్నిటికంటే పెద్దది ఆడ, రెండోది దానితో జతకట్టే మగ. మిగిలినవి వరుసలో నిలబడ్డ చిన్నవి, వాటికి సంతానం ఉండదు. ఆడది చనిపోతే మగది ఆడగా మారుతుంది, వరుసలో మూడోది మగ స్థానంలోకి వస్తుంది. దీన్ని హాన్స్ ఫ్రిక్, సిమోన్ ఫ్రిక్ 1977లో నేచర్ పత్రికలో రాశారు. పెద్దది తన దబాయింపుతో కింది దాన్ని ఆడగా మారనివ్వదన్నది వాళ్ళ మాట.

ఆ వణుకు మూర్ఛ కాదు. 'నువ్వే పెద్ద, నేను నీ జోలికి రాను' అని చెప్పుకోవడం. పక్కకు ఒరగడం, తల వంచడం, ఒళ్ళు వణికించడం అన్నీ అందులో భాగమే. చెవి గాజుకు ఆనించి వినండి, టక్ టక్ అని చప్పుడు కూడా వినిపించవచ్చు. క్లౌన్‌లు పళ్ళు ఠక్కున కొట్టుకునేలా దవడ మూసి ఆ శబ్దం చేస్తాయని 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ వణుకు రోజూ కనిపిస్తోందంటే మీ జంట కుదిరినట్టే. అది ఆగిపోయిన రోజున నాకు చెప్పండి, అప్పుడు భయపడదాం.

రంగు దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఒసెల్లారిస్‌లో రంగు చూసి ఆడా మగా తేల్చకూడదు. వయసు మీద పడే కొద్దీ రంగు ముదరడం మామూలే. పెద్దది ముందుగా ముదురుతుంది, కాబట్టి చాలా జంటల్లో ఆడదే నల్లగా కనిపిస్తుంది. కానీ అది సాక్ష్యం కాదు. సైజు, నడవడిక, ఈ రెండే సాక్ష్యం.

#7 · ఉప్పునీటి_కొత్తోడు

మాస్టారూ, ఇంట్లో చదివి వినిపించాను. మా పాప ఐదు నిమిషాలు అలిగింది. తర్వాత 'అయితే రాజమ్మ, రాణీరావు' అని తీర్మానించింది.

#8 · సందేహాల_పుట్ట

హహ్హ. మన భాషలో చేపను ఎలాగూ 'అది' అంటాం కాబట్టి మారినా వ్యాకరణానికి నొప్పి లేదు. 'వాడు' అని ముద్దు చేసుకున్నవాళ్ళకే ఇబ్బంది.

నాకో అనుమానం. చిన్నది ఎందుకు ఆగిపోయింది? లింగం సంగతి సరే. తిండి తింటూనే ఉంది కదా, పెరగడానికి అడ్డం ఏంటి? పెద్దది దాని తిండి లాక్కోకపోతే?

#9 · చేపలమాస్టారు

మంచి ప్రశ్న. నాకు ఈ చేపలు నచ్చడానికి కారణమే ఇది.

పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పాపువా న్యూగినీలో, ఒసెల్లారిస్‌ను పోలిన పెర్క్యులా రకం క్లౌన్‌లను గమనించి 2003లో నేచర్‌లో రాశాడు. గుంపులో చేపల సైజులు మెట్లలా ఉంటాయి. పై మెట్టు మీదున్నది కింది దానికంటే సుమారు పావు వంతు పెద్ద. ఆ ఎడం యాదృచ్ఛికం కాదు. కింది చేప తన ఎదుగుదలను తానే పట్టి ఉంచుతుంది, తిండి లేక కాదు. పై చేపకు దగ్గరగా పెరిగితే పోటీ అవుతుంది, పోటీ అయితే తరుముతుంది. అనిమోన్ నుంచి తరిమేస్తే సముద్రంలో నిమిషాల్లో ఇంకెవరికో మేత. కాబట్టి పెద్దది ఎంత పెరిగితే అంత మేరకే తానూ పెరుగుతుంది. పెద్దది పోతే అప్పటిదాకా ఆగినది గబగబా పెరుగుతుంది.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఒకే సైజు పెర్క్యులాలను రెండేసి కలిపి పెడితే, ఒంటరిగా ఉన్నవాటికంటే అవే ఎక్కువ పెరిగాయని 2019లో అదే బృందం చూపించింది. ఎవరు పైచేయి అన్నది తేలేదాకా పరుగు పందెం. మీ ఇంట్లో మొదటి కొన్ని నెలలు జరిగింది ఆ పందెమే. రాజమ్మ గెలిచింది. ఓడినది ఓటమి ఒప్పుకొని అక్కడే ఆగింది.

#10 · పగడాలపిచ్చోడు

పుస్తకాల్లో ఏమైనా రాస్తారు మాస్టారూ. నా ట్యాంకులో చిన్నదానికి డ్రాపర్‌తో పక్కకు పిలిచి ఆర్టీమియా (చిన్న రొయ్యల్లాంటి జీవులు) పెట్టాను, శుభ్రంగా పెరిగింది. సన్నగా ఉన్నదాన్ని అలా వదిలేయమంటే ఎలా?

#11 · చేపలమాస్టారు

సన్నగా ఉంటే మేపండి, నేనెక్కడ వద్దన్నాను? పొట్టిగా ఉండటం వేరు, బక్కచిక్కడం వేరు. పైనుంచి చూస్తే తల వెనక కండ దిగిపోయి, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే అది బక్కచిక్కడం. నిండుగా, గుండ్రంగా ఉండి పొడవు పెరగకపోతే అది మర్యాద. మీ చేప పెరిగిందన్నారు, మరి పెద్దది పెరగలేదా అదే కాలంలో?

#12 · పగడాలపిచ్చోడు

...పెరిగింది. కొంచెం.

#13 · నాలుగు_ట్యాంకులు

విడదీసి మేపే మాట వచ్చింది కాబట్టి నా పాపం నేను చెప్పుకుంటాను. ఇప్పటికి మూడేళ్ళయింది.

నా ఒసెల్లారిస్ జంటలో మగది ఆడదానిలో సగం లెక్కన ఉండేది. ఎవరో చెప్పిన సలహా విని, జాలిపడి, దాన్ని వేరే ట్యాంకులో పెట్టాను. నాలుగు నెలలు. రోజుకు నాలుగుసార్లు మేత. అబ్బో, ఎంత పెరిగిందో! వీపు ముదిరింది, పొట్ట నిండింది. నేను మురిసిపోయి తిరిగి పాత ట్యాంకులో వదిలాను.

మొదటి పది నిమిషాలు రెండూ ఎదురెదురుగా ఆగి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వణుకు లేదు. అదే నేను గమనించాల్సింది. రెండూ వణకలేదు. పదకొండో నిమిషంలో దవడలు కరుచుకుని గిరగిరా తిరిగాయి. చెయ్యి పెట్టి విడదీసేలోపు ఒకదాని పెదవి చీలింది, రెండోదాని రొమ్ము రెక్క సగం పోయింది. ఒంటరిగా ఉన్న నాలుగు నెలల్లో మగది ఆడదారి పట్టింది. దాని మీద దబాయించేవాళ్ళు లేరు కదా మరి. ఒకసారి ఆడ అయ్యాక వెనక్కి రావడం అంటూ ఉండదు. ఇద్దరు ఆడవాళ్ళకు ఒక ఇల్లు పంచమంటే ఎలా?

వాటిని మళ్ళీ కలపలేదు. చెరో ట్యాంకు, చెరో చిన్న పిల్ల. నాలుగు ట్యాంకులు అన్న పేరు అలా వచ్చిందే, సరదాకి పెట్టుకున్నది కాదు.

#14 · మరూన్_బాధితుడు

సగం లెక్కన అంటే మీకు పెద్ద తేడానా అక్కా! మా ఇంట్లో మరూన్ రకం క్లౌన్‌లు ఉన్నాయి. ఆడది 14 సెంటీమీటర్లు, మగాడు ఆరు. పక్కపక్కన ఈదుతుంటే అమ్మా కొడుకూ అనుకుంటారు చూసినవాళ్ళు.

రంగు సంగతి మరూన్‌లలో ఇంకా చూడాలి. పిల్లప్పుడు రెండూ నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. ఆడది ఏడాదిన్నరలో ఎండిన నేరేడు పండు రంగులోకి వచ్చేసింది. చారలు కూడా మునుపు తెల్లగా వెడల్పుగా ఉండేవి, ఇప్పుడు సన్నబడి బూడిద రంగు తిరిగాయి. కోపం వచ్చినప్పుడు ఆ బూడిద ఇంకా ముదురుతుంది, ఇది నా కళ్ళతో చూసిందే. మగాడు మాత్రం నేటికీ ఎర్రగా, తెల్ల చారలతో పెళ్ళికొడుకులా ఉంటాడు.

సుమత్రా వైపు దొరికే బంగారు చారల రకమైతే తెల్ల చారలు వయసుతో పసుపుగా మారతాయి, ఆడదానిలో బాగా కనిపిస్తుంది. నా దగ్గర ఉన్నది ఆ రకం కాదు. నా దగ్గర ఉన్నది గాజు తుడవడానికి చెయ్యి పెడితే కొరికే రకం. చెంప మీద ముల్లుంది దానికి, ఇంకా చెప్పాలా.

#15 · అలలచప్పుడు

రంగు చూసి ఆడా మగా చెప్పగలిగే జాతులు కొన్ని ఉన్నాయన్నా, ఒసెల్లారిస్ కాకపోయినా.

టొమాటో క్లౌన్ చూడండి. ఆడది ఎదిగితే పక్కలు దాదాపు నల్లగా అయిపోయి మూతి, పొట్ట, రెక్కలు మాత్రం ఎర్రగా మిగులుతాయి. మగది ఒళ్ళంతా ఎరుపే. పిల్లలకు రెండు మూడు చారలుంటాయి, పెరిగే కొద్దీ తోక వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ మాయమై చివరికి తల చార ఒక్కటి నిలుస్తుంది. నా టొమాటోకు నడుం చార పోతున్నప్పుడు చూశాను. ఒక్కసారిగా పోలేదు. ముందు పొట్ట దగ్గర కరిగింది, తర్వాత వీపు మీద చిన్న తెల్ల త్రికోణంలా మిగిలింది, రెండు నెలలకు అదీ పోయింది. తెలియక అప్పట్లో మందు వేశాను. పాపం.

క్లార్కీ రకం క్లౌన్‌లలో తోక చూడాలి. జపాన్ తీరాల్లో మగవాటికి తోక పసుపు, ఆడవాటికి తెలుపు. కానీ ఊరూరికీ క్లార్కీ రంగు మారుతుంది కాబట్టి అన్నిచోట్లా ఇదే సూత్రం పట్టుకుని కూర్చోకూడదు. కార్పెట్ అనిమోన్లలో ఉన్న క్లార్కీలు కొన్ని దాదాపు నల్లగానే ఉంటాయి, అవి ఆడవైనా మగవైనా సరే.

పెర్క్యులాల్లో చారల మధ్య నలుపు వయసుతో వ్యాపిస్తుంది. రెండింటికీ వ్యాపిస్తుంది, ఎక్కువ తక్కువ తేడా అంతే.

#16 · నల్లచేప

నా కథ విని నవ్వుకోండి. నల్ల ఒసెల్లారిస్ జంట కావాలని ఒక పెంపకందారుకు ముందుగా చెప్పి పెట్టుకున్నాను. వచ్చిన పెట్టె విప్పితే మట్టి నారింజ రంగులో రెండు పిల్లలు. మోసపోయానని ఆయనకు పెద్ద సందేశం రాశాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన ఒకటే జవాబిచ్చాడు: 'ఏడాది ఆగండి.'

ఆగాను. ముందు వీపు మీద మసి. తర్వాత చారల అంచుల వెంబడి. పక్కలకు దిగేటప్పటికి పది నెలలు. మూతి మీద నారింజ చివరిదాకా మొండికేసింది. ఇప్పుడు బొగ్గు ముక్కలే. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో డార్విన్ దగ్గర దొరికే రకానికి ఇదే తీరట, పుట్టుకతో నల్లవి కావు. పెద్దది చిన్నదానికంటే మూడు నెలలు ముందే నల్లబడింది, మాస్టారు చెప్పినట్టే.

#17 · సందేహాల_పుట్ట

ఇంకో ప్రశ్న, తిట్టొద్దు. అసలు చారలు ఎప్పుడు వస్తాయి? ముదిరినప్పుడు పోతాయంటున్నారు, పుట్టినప్పుడు ఉండవంటారు.

#18 · చేపలమాస్టారు

తిట్టడం దేనికి? లార్వాగా నీళ్ళలో తేలుతున్నన్నాళ్ళు, అంటే ఒసెల్లారిస్, పెర్క్యులాలకు ఓ పది పన్నెండు రోజులు, గాజు ముక్కలా పారదర్శకంగా ఉంటాయి. నేల పట్టే సమయంలో రంగు దిగుతుంది. ముందు తల చార, తర్వాత నడుం చార, చివరికి తోక చార. నారింజ ఇచ్చే కణాలు వేరు, నలుపు ఇచ్చేవి వేరు. తెలుపు ఇచ్చేవి రంగు కావు, వెలుగును తిప్పి కొట్టే పలకల్లాంటి కణాలు. అందుకే మంచి లైటులో ఆ చారకు వెండి మెరుపు.

ఈ చారలు దిగడాన్ని థైరాయిడ్ హార్మోన్ నడిపిస్తుంది. పాపువా న్యూగినీలోని కింబే అఖాతంలో పెర్క్యులా పిల్లలను చూసి 2021లో రాశారు: ఒక రకం కార్పెట్ అనిమోన్‌లో చేరిన పిల్లలకు, ఇంకో రకం అనిమోన్‌లో చేరినవాటికంటే చారలు తొందరగా వచ్చాయి. మొదటివాటిలో ఆ హార్మోన్ ఎక్కువ. ఇల్లు మారితే ఎదుగుదల వేగం మారింది, అంతే. మన ట్యాంకుల్లో తెగిన చారలు, సగం చారలు ఎక్కువగా కనబడటానికి కూడా లార్వా దశలో జరిగే తేడాలు ఒక కారణం. రాణీరావు తెగిన చార అలాంటిదే. అది పెద్దయ్యాక అతుక్కోదు, దాని కోసం ఎదురుచూడొద్దు.

నారింజ మాత్రం తిండి మీద ఆధారపడుతుంది. చేప తనంతట తాను ఆ రంగు పదార్థాన్ని తయారు చేసుకోలేదు. చిన్న రొయ్యల్లాంటి క్రిల్, కోపెపాడ్‌లు, అస్టాజాంథిన్ అనే ఆ రంగు పదార్థం కలిపిన మేత పెడితే రెండు మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. రంగు వెలిసిందని వచ్చేవాళ్ళకు నేను మొదట అడిగేది మేత డబ్బా మూత తెరిచి ఎన్నాళ్ళయిందని.

#19 · ఉప్పునీటి_కొత్తోడు

కొలతలు సరిగ్గా తీద్దామనుకున్నాను. వలతో పట్టడం ఇష్టం లేదు. గాజుకు లోపలి వైపు పాత ప్లాస్టిక్ స్కేలు ఆనించి, దాని వెనక మేత గొట్టం పెట్టి, చేప స్కేలుకు ఆనుకుని వెళ్ళినప్పుడు వరసగా ఫోటోలు తీశాను. నలభై ఫోటోల్లో మూడు పనికొచ్చాయి. మొదట బయట అంటించి తీస్తే ప్రతిసారీ వేరే లెక్క వచ్చింది, గాజు, నీళ్ళు కలిపి మోసం చేశాయి.

లెక్క ఇది: రాజమ్మ 7.0, రాణీరావు 5.4. భాగిస్తే దాదాపు 1.3. మాస్టారు చెప్పిన పావు వంతుకు దగ్గరలోనే ఉన్నాం!

#20 · చేపలమాస్టారు

స్కేలు లోపల పెట్టారు చూడండి, అక్కడే సగం పని అయింది. నెలకొకసారి అదే చోట, అదే మేతతో తీయండి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. చేప తోక వంచితేనే అంత తేడా వస్తుంది.

అయితే తగ్గడం అన్నది నిజంగానే ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు కింబే అఖాతంలో నీళ్ళు వేడెక్కినప్పుడు 134 క్లౌన్‌లను నెలనెలా కొలిచారు. నాలుగింట మూడు వంతులు కనీసం ఒక్కసారైనా పొడవు తగ్గాయి. బరువు కాదు, పొడవు. జంటలో రెండూ కలిసి తగ్గినవి ఎక్కువగా బతికాయి. ఒకటే తగ్గితే మెట్ల లెక్క చెడుతుంది కదా. 2025లో వచ్చింది ఈ సంగతి. మీ ట్యాంకు 26లో ఉంది కాబట్టి మీకు ఆ బాధ లేదు.

#21 · పగడాలపిచ్చోడు

ఒప్పుకుంటున్నా మాస్టారూ. మొదట్లో విడదీయమని చెప్పింది నేనే. కొత్తగా వచ్చేవాళ్ళు నా రెండో పోస్టు చదివి అక్కడే ఆగిపోతారేమో, దాన్ని కొట్టేయమంటారా?

#22 · నాలుగు_ట్యాంకులు

ఉంచండి. దాని కింద పదమూడో పోస్టు చదవమని ఒక వాక్యం చేర్చండి చాలు. నాకూ అప్పుడు ఎవరో అలాగే చెప్పారు, వాళ్ళూ మంచి మనసుతోనే చెప్పారు.

#23 · ఉప్పునీటి_కొత్తోడు

ఐదు నెలల తర్వాత మళ్ళీ వచ్చాను. థ్రెడ్ లేపుతున్నందుకు క్షమించండి.

రాజమ్మ 7.6. రాణీరావు 5.8. మళ్ళీ 1.3! ఆమె ఆరు మిల్లీమీటర్లు పెరిగితే ఇతను నాలుగు పెరిగాడు. ఆగిపోయాడనుకున్న రోజుల్లో ఆమె కూడా ఆగి ఉందన్నమాట, నేను చిన్నదాన్ని ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె వీపు నలుపు ఇప్పుడు నడుం చార దాకా దిగింది. ఇతని రెక్కల మొదళ్ళలో కూడా సన్నగా మొదలైంది.

అసలు విషయం ఇది. రెండు వారాలుగా ఇద్దరూ పాత పంపు వెనక రాయిని నోటితో గీకుతున్నారు. నేను నాచు తింటున్నాయనుకున్నాను. ఆమె పొట్ట ఒక పక్క ఉబ్బి ఉంటే మలబద్ధకం అనుకున్నాను. (నేను మారలేదు, చూశారుగా.) పోయిన ఆదివారం సాయంత్రం రాయి మీద అరచేతిలో పట్టేంత జాగాలో నారింజ రంగు గింజలు వరసగా అంటించి ఉన్నాయి.

చార తెగిన మన రాణీరావు రాయి ముందు నుంచి కదలడం లేదు. రొమ్ము రెక్కలతో విసురుతున్నాడు, మధ్యమధ్య ఒక్కో గింజనూ నోటితో తాకి వదులుతున్నాడు. తెల్లబడ్డ రెండింటిని ఏరి తినేశాడు. రాజమ్మ ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి, నా చేతిని ఒకసారి కొరికి వెళ్తుంది. పట్టుమని ఆరు సెంటీమీటర్లు లేనివాడు వంద గుడ్లు కాపలా కాస్తుంటే, వీణ్ణేనా నేను మూర్ఛ రోగి అనుకున్నది అనిపించింది.

#24 · మరూన్_బాధితుడు

కొరకడం మొదలైందా, ఇక మీరూ మా సంఘంలో చేరినట్టే. చేతికి గ్లౌజు తొడుక్కోండి. శుభాకాంక్షలు!

#25 · నాలుగు_ట్యాంకులు

కళ్ళు చల్లబడ్డాయి తమ్ముడూ. మొదటి ఒకటి రెండు విడతలు వాళ్ళే తినేయొచ్చు, బాధపడొద్దు. కొత్త కాపురం. గుడ్లు ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయి?

#26 · ఉప్పునీటి_కొత్తోడు

ఈ రోజు ఏడో రోజు అక్కా. నారింజ పోయి బూడిద రంగులోకి వచ్చాయి. టార్చి వేస్తే ప్రతి గింజలో రెండు వెండి చుక్కలు, కళ్ళు! నన్నే చూస్తున్నట్టు ఉన్నాయి. పిల్లలకు మేతగా వేసే రోటిఫర్లనే అతి చిన్న జీవులు సిద్ధంగా లేవు, ఈ విడత పెంచలేనని తెలుసు. ఊరికే చూడాలని ఉంది. పాప కూడా మేలుకుంటానంటోంది. రేపు రాత్రి లైట్లు ఆర్పాక పంపు ఆపాలా, వద్దా?

#27 · చేపలమాస్టారు

చీకటి పడిన గంట రెండు గంటల్లో పొదుగుతాయి. లైటు ఆర్పగానే పంపు, నీటి మురికి తీసే స్కిమ్మర్ ఆపండి, గాలి బుడగలు వదిలే రాయి ఒకటి మెల్లగా నడవనివ్వండి. గది లైటు కూడా వద్దు. గంటకొకసారి సన్నని టార్చి ట్యాంకు ఒక మూల పెట్టండి, పుట్టినవి వెలుగు దగ్గరికి చేరతాయి. ఏ అరగంటకో పొదిగినా నాకు రాయండి, నేను మేలుకునే ఉంటాను.